మియోగారి చెవిలో ప్రార్థన

మా ఆయన ప్రార్థన మానేశారని నాకెవరూ చెప్పలేదు. పొద్దున్నే వంటింట్లో బియ్యం కడుగుతుంటే నాకే తెలిసింది.

జపాన్‌లో అకితా తీరాన మేమున్న ఊళ్లో మా చర్చి ఒకప్పుడు మంగలి దుకాణం. కింద ఆరాధన, పైన మా కాపురం. మధ్యలో ఉన్నది పలుచని చెక్క నేల. కింద ఎవరైనా దగ్గితే పైన నాకు వినబడుతుంది. మా ఆయనకి పెళ్లికి ముందు నుంచే వేకువ ప్రార్థన అలవాటు. మా కొరియాలో ఏ చర్చిలోనైనా అంతే, ఇంకా చీకటి ఉండగానే జనం వచ్చి "ప్రభువా!" అని ఎలుగెత్తి ఏడుస్తారు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా ఆయన అదే గొంతుతో మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే వీధి పెద్ద ఒక మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో వంగి వంగి దణ్ణాలు పెట్టి, "పాస్టరుగారి ఆరోగ్యం చాలా బాగున్నట్టుంది. ఆ గొంతు వింటుంటే వీధంతటికీ హుషారుగా ఉంది," అన్నాడు.

ఆయన వెళ్లాక మా ఆయన పొంగిపోయారు. "చూశావా హేరాన్, అప్పుడే ఊరు వింటోంది!"

"నోరు మూసుకోమని చెప్పడానికి వచ్చాడండీ ఆయన."

"మరి ఆ మాట చెప్పొచ్చుగా?"

"చెప్పాడుగా. మిఠాయి తెచ్చాడుగా."

మర్నాటి నుంచీ ఆయన కూర్చునే దిండులో మొహం పెట్టుకుని ప్రార్థించడం నేర్చుకున్నారు. పైకి మాటలు తెలిసేవి కావు. తేనెపట్టు దగ్గర నిలబడితే వినిపించే మోతలా ఉండేది. ఏళ్ల తరబడి ఆ మోత వింటూనే నేను అన్నం వండాను. మంచు ఇంటి చూరు దాకా పేరుకున్నా, ఆయనకి జ్వరం వచ్చినా, మా అత్తగారు పోయిన కబురు వచ్చిన పొద్దున కూడా అది ఆగలేదు. ఆ చలికాలం ఆగింది. ఆయన మెట్లు దిగడం వినేదాన్ని. కిరసనాయిలు స్టవ్ వెలిగించడం వినేదాన్ని. తర్వాత ఏమీ లేదు. వెలుతురు వచ్చాక పైకి వచ్చి, "ఆకలేస్తోంది," అనేవారు.

నేను అడగలేదు. ఏళ్ల తరబడి కాపురం చేసినా మొగుణ్ణి అడగలేనివి కొన్ని ఉంటాయి. మిషనరీ పెళ్లానికి ఇది మొదటిది.

జపాన్ వస్తానన్నది ఆయనే. ఆయన పేరు తక్ జుంగ్‌మో. ఆయన తాతని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో జపాన్‌వాళ్లు ఇక్కడి బొగ్గు గనుల్లోకి పట్టుకొచ్చారు. ఆ తాత మళ్లీ ఇంటికి రాలేదు. "మా తాత ఎముకలున్న దేశం అది. పగతో పోను, సువార్తతో పోతాను," అని కొరియాలో, గున్సాన్‌లో మా సంఘం సాగనంపిన రోజున ఆయన అంటే అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ రోజు ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

ఈ ఊరు మమ్మల్ని తరమలేదు, తిట్టలేదు, రాయి విసరలేదు. అదైనా చేస్తే బాగుండునని ఒకసారి ఆయనే అన్నారు. కరపత్రం ఇస్తే రెండు చేతులా తీసుకుంటారు. వంగి దణ్ణం పెట్టి, నలగకుండా మడిచి సంచిలో పెట్టుకుంటారు. ఆదివారం మాత్రం రారు. ఇన్నేళ్లకీ మాకు మిగిలింది ముగ్గురు. ఇక్కడి రైతుని కట్టుకుని ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మారిసెల్ ఒకతె. కొరియా భాష నేర్చుకుందామని వచ్చే రిటైరైన లెక్కల మాష్టారు ఒకాయన. ఆ తర్వాత కుదో మియోగారు.

మియోగారు వచ్చింది దేవుడి కోసం కాదు, నా కిమ్చి కోసం, మా కొరియా క్యాబేజీ పచ్చడి కోసం. చర్చిలో కిమ్చి పెట్టడం నేర్పుతానంటే చాలామంది ఆడవాళ్లు వచ్చారు. నేర్చుకుని వెళ్లిపోయారు. ఆవిడ ఒక్కర్తే మళ్లీ వచ్చింది, తాను పొగబెట్టి ఊరేసిన ముల్లంగి పట్టుకుని. దాన్ని నా కిమ్చి పక్కన పెట్టి, రెండూ రుచి చూసి, "మీది అరుస్తుందమ్మాయ్. మాది గొణుగుతుంది," అంది. మొగుడు పోయిన మనిషి. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం చివరి వరసలో కూర్చునేది. ఒక ఈస్టర్ నాడు ఆరాధన అయ్యాక, "సెన్సే, నాకూ నీళ్లు పొయ్యండి," అంది, మొక్కకి పొయ్యమన్నంత మామూలుగా. ఇక్కడ పాస్టర్ని సెన్సే అనే పిలుస్తారు. సముద్రంలో బాప్తిస్మం ఇచ్చి గట్టుకి వచ్చాక మా ఆయన ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. బాప్తిస్మం తీసుకున్న మనిషే తువ్వాలు తీసి, ఇచ్చిన ఆయన తల తుడిచింది.

ఆవిడ కొడుకు కత్సుయా రేవులో చేపల వేలం దగ్గర పనిచేస్తాడు. నెమ్మదస్తుడు. ఆదివారం ఆరాధన అయ్యే వేళకి తల్లిని తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మం బయటే నిలబడేవాడు. లోపలికి రమ్మంటే, "బూట్లు తడిగా ఉన్నాయండీ," అనేవాడు. నడివేసవిలో కూడా అదే మాట.

గున్సాన్ సంఘం నెలకోసారి వీడియో కాల్‌లో తెర మీద మమ్మల్ని చూసేది. వాళ్లు పంపిన మిషనరీలందరూ వరసగా కనబడేవారు. కంబోడియాలో ఉన్నాయన వెనక బోలెడంతమంది పిల్లలు చేతులూపేవారు. ఉగాండాలో ఉన్నాయన వెనక జనం నాట్యమాడేవారు. మా వెనక కుర్చీలుండేవి. అవి కనబడకుండా మా ఆయన వాటిని గోడకి జరిపి, నన్నూ మారిసెల్‌నూ మియోగారినీ దగ్గరదగ్గరగా కూర్చోబెట్టేవారు. చాలాకాలం ఆయన నిజమే చెప్పారు, ఇక్కడి నేల రాయిలా ఉంది, ప్రార్థించండి అని. ఒకసారి మిషన్ పనులు చూసే సంఘపెద్ద బోంగ్‌గారు నవ్వుతూనే, "పాస్టరుగారూ, రాయి గురించి చాలా విన్నాం. మొలక సంగతేంటి?" అన్నాడు.

ఆ పైనెలలో మొలక వచ్చింది. మారిసెల్ మొగుడు మా సాయం అడిగాడని, మనసు మెత్తబడుతోందని చెప్పారు మా ఆయన. వాడు అడిగింది బురదలో దిగబడిన ట్రాక్టరుని తొయ్యడానికి. ఆ తర్వాత నెల, లెక్కల మాష్టారు వాక్యం కోసం దాహంతో వస్తున్నారన్నారు. క్రిస్మస్ ముందు మాత్రం ఆయన తెర వైపు బాగా దగ్గరికి జరిగి, "మియోగారి కొడుకు కత్సుయా ప్రభువుని ఒప్పుకున్నాడు. బాప్తిస్మానికి సిద్ధపడుతున్నాడు," అన్నారు. అవతల హల్లెలూయ అని చప్పట్లు మోగాయి. ఎవరో ముసలావిడ లేచి నిలబడి ఏడుస్తోంది.

తెర ఆపగానే అడిగాను. "కత్సుయా ఎప్పుడు ఒప్పుకున్నాడండీ?"

"పోయిన ఆదివారం. నేను దీవెన చెబుతుంటే గుమ్మంలో తల వంచాడు. నువ్వూ చూశావు."

"ఈ ఊళ్లో బస్సు డ్రైవరుకీ తల వంచుతారు. బ్యాంకులో డబ్బులిచ్చే మెషీన్ మీద బొమ్మ కూడా వంచుతుంది."

"విశ్వాసంతో చెప్పాను. జరగబోయేది జరిగినట్టు చెప్పాను. అబ్రాహాము కూడా..."

"అబ్రాహాముని మధ్యలోకి లాగకండి."

ఆయన కుర్చీలు మళ్లీ వరసలో పెడుతూ, "జపాన్ పని మూసేద్దామంటున్నారు అక్కడ. మూసేస్తే మియోగారికి ఎవరున్నారు హేరాన్?" అన్నారు.

ఆయన మియోగారి కోసమే అబద్ధమాడానని మనస్ఫూర్తిగా నమ్మారు. కింద గదిలో ఆ మోత ఆగింది ఆ వారంలోనే.

జనవరిలో మియోగారికి గుండె నీరసించింది. ఆస్పత్రిలో చేర్చారు. మేము వెళ్లేసరికి ఆవిడ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. బయట సముద్రం బూడిదరంగులో ఉంది. మమ్మల్ని చూసి మంచం మీద సర్దుకుని, కాసేపు వాతావరణం సంగతులు, మారిసెల్ ఇంటి సంగతులు మాట్లాడింది. ఆ తర్వాత మా ఆయన వైపు చూసి,

"సెన్సే, ఒక మాట అడగనా? మా ఆయన కుదోవాళ్ల సమాధిలో ఉన్నాడు. యేసయ్య పేరైనా విన్నవాడు కాదు. నేను పరలోకానికి పోతే ఆయన ఆ సమాధిలో ఒక్కడే అయిపోడూ? ఆయనకి టీ పెట్టుకోవడం కూడా రాదు," అంది.

ఈ దేశంలో పనిచేసే ప్రతి మిషనరీకీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. మేము వచ్చిన మొదటి ఏడే ఒక రైతు అడిగాడు. అప్పుడు మా ఆయన తనకి తెలియదని ఒప్పుకుని, ఆ రైతు చెయ్యి పట్టుకుని పొలం గట్టు మీద సాయంత్రం దాకా కూర్చున్నారు. ఇప్పుడు మంచం పక్క బల్ల మీదున్న నీళ్ల గ్లాసు కేసి చూస్తూ, "దేవుడు న్యాయవంతుడు. అన్నీ ఆయన చేతుల్లో ఉన్నాయి," అన్నారు, స్టేషన్లో మైకు రైళ్ల వేళలు చెప్పినట్టు.

మియోగారు తలూపింది. "సరేలెండి. ప్రార్థన చెయ్యండి."

ఆయన తల వంచారు. "పరలోకమందున్న మా తండ్రీ," అన్నారు. ఆగిపోయారు.

నేను కళ్లు మూసుకుని ఎదురుచూశాను. పక్క మంచంవాళ్ల టీవీలో సుమో కుస్తీ వస్తోంది. ఎవడో పడ్డాడు, జనం హోరుమన్నారు. మా ఆయన ఇంకా ఏమీ అనలేదు. కళ్లు తెరిచి చూశాను. పెదవులు కదులుతున్నాయి. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. గొంతులో చేపముల్లు దిగినవాళ్లలా ఉన్నారు.

మియోగారు చెయ్యి చాచి ఆయన కోటు అంచు పట్టుకుంది. "అలిసిపోయారు సెన్సే. పర్లేదు, ఇవాళ నేను చేస్తాను." ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం కొంచెం పక్కకి జరుపుకుంది. "ప్రభువా, ఈ సెన్సే ఇంటికి చాలా దూరంగా ఉన్నాడు. సరిగ్గా తింటున్నట్టు కూడా లేడు. కాస్త చూసుకో. ఆమెన్."

మేము లేస్తుంటే ఆవిడ మళ్లీ ఆపింది. "నేను పోయాక మావాళ్లు బౌద్ధ పూజారినే పిలుస్తారు. పిలవనివ్వండి, అది వాళ్ల తృప్తి కోసం. పూజారి వచ్చేలోగా మీరు ఒక్కసారి నా చెవిలో ప్రార్థన చెయ్యండి. జపనీస్‌లో చెయ్యండి సెన్సే. మావాడు పక్కనే ఉంటాడు. వాడికీ అర్థం కావాలి."

"తప్పకుండా," అన్నారు మా ఆయన.

కిందకి వచ్చి కార్లో కూర్చున్నాం. ఆయన తాళం తిప్పలేదు. అద్దం మీద మంచు పడుతూనే ఉంది, బయట ఏమీ కనబడటం మానేసింది.

"నాకు ఒక్క మాట కూడా రాలేదు హేరాన్."

"తెలుసు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"క్రిస్మస్ ముందు నుంచి."

"కింద కూర్చుని పిలుస్తాను," అన్నారాయన. "రోజూ పిలుస్తాను. ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టుంటుంది. అవతల ఎవరూ లేరో, ఉండీ నా గొంతు విని లేవడం లేదో తెలీదు. రెండోదే అనిపిస్తుంది."

"గున్సాన్‌కి నిజం చెప్పేద్దామండీ. ముందు ఆ బరువు దింపుకుందాం."

"బోంగ్‌గారు వచ్చే వారం వస్తానన్నారు. ఎదురుగా చెప్తాను. ఫోన్లో చెప్పే మాట కాదు."

బోంగ్‌గారు వచ్చిన పొద్దున రైల్వే స్టేషన్లో దిగీ దిగగానే నా చేతులు చూశాడు. చలికి పగిలిపోయి ఉన్నాయి. ఆ పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అమ్మాయి చేతులు ఇలా ఉంటే నేను ఊరుకుంటానా?" అన్నాడు. తన పెళ్లాం ఎండబెట్టిన నెత్తళ్లు, మిరప ముద్ద, సముద్రపు నాచు రెండు పెట్టెల నిండా మోసుకొచ్చాడు. చెడ్డవాడైతే చెప్పడం సులువయ్యేది. కారెక్కాక ఆయన ఆగకుండా కత్సుయా గురించే మాట్లాడాడు. వేకువ ప్రార్థనలో అందరూ ఆ పేరు పెట్టి ప్రార్థిస్తున్నారట. పలకడం రాని ముసలమ్మలు కూడా నేర్చుకున్నారట. మా ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. రెండుసార్లూ రోడ్డు మీద మంచు గురించి ఏదో అన్నారు.

ఇంటికి చేరకముందే నా ఫోన్ మోగింది. కత్సుయా. "అమ్మ పొద్దున వెళ్లిపోయింది. ఇంటికి తీసుకొచ్చేశాం. మధ్యాహ్నం పూజారిగారు వస్తారు. సెన్సేని ఈలోగా రమ్మనండి. అమ్మ చెప్పింది," అన్నాడు.

మేమిద్దరమే వెళ్తామని మా ఆయన ఎంత చెప్పినా బోంగ్‌గారు వినలేదు. "సహోదరుడి తల్లి పోతే నేను ఇంట్లో కూర్చుని టీ తాగనా?"

కుదోవాళ్ల ఇంట్లో చాపల గదిలో మియోగారిని పడుకోబెట్టారు. మొహం మీద తెల్లగుడ్డ. నల్లబట్టల్లో చుట్టాలు గోడ వారగా మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. కత్సుయా లేచి ఎదురొచ్చాడు. వంగబోతుంటే బోంగ్‌గారు వంగనివ్వకుండా గట్టిగా కౌగిలించుకున్నాడు. పాపం కత్సుయా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉండిపోయాయి.

"సహోదరా!" అన్నాడు బోంగ్‌గారు కొరియా భాషలో. "మీరు ప్రభువుని ఒప్పుకున్నారని విని గున్సాన్‌లో సంఘమంతా గంతులేసింది. అమ్మ ఆశ తీరింది, తృప్తిగా వెళ్లింది. చెప్పండి పాస్టరుగారూ, ఆయనకి చెప్పండి."

మా ఆయన జపనీస్‌లో చెప్పారు. "మీ అమ్మగారు పోయినందుకు చాలా బాధగా ఉందంటున్నారు."

కత్సుయా వంగాడు. "ఇంత చలిలో అంత దూరం నుంచి వచ్చారు. ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?"

మా ఆయన కొరియా భాషలో చెప్పారు. "దేవునికి స్తోత్రం అంటున్నాడు."

"ఆమెన్!" అన్నాడు బోంగ్‌గారు.

ఆ గదిలో రెండు భాషలూ తెలిసింది మా ఇద్దరికే. నేను చాప మీద అల్లిక కేసి చూస్తూ కూర్చున్నాను.

కత్సుయా తల్లి మొహం మీద గుడ్డ తీసి పక్కన కూర్చున్నాడు. "సెన్సే, అమ్మ చెవిలో," అన్నాడు. మా ఆయన మోకరించి ఆవిడ మీదకి వంగారు. చెవి దగ్గర నోరు పెట్టారు. అందరూ తలలు దించారు. గదిలో అంత నిశ్శబ్దంలో ఆయన ఊపిరి ఒక్కటే వినబడుతోంది, లోపలికి, బయటికి. మాట లేదు. ప్రభువా, ఒక్క వాక్యం ఇయ్యి, చిన్నపిల్లలు అన్నం ముందు చెప్పేదైనా ఇయ్యి అని నేను నాలో నేను బతిమాలుకున్నాను. ఆయన నిటారుగా లేచారు. మొహం తెల్లగా పాలిపోయింది. బోంగ్‌గారి వైపు తిరిగి, "పెద్దగారూ, మీరు చెయ్యండి. నా వల్ల కావడం లేదు," అన్నారు.

దుఃఖం అనుకున్నాడు బోంగ్‌గారు. మా ఆయన భుజం తట్టి, ముందుకు జరిగి, చనిపోయినావిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తల పైకెత్తి గున్సాన్‌లో అరిచినట్టే "ప్రభువా! ప్రభువా!" అని అరిచాడు. చుట్టాలు ఉలిక్కిపడ్డారు. ఒక పెద్దావిడ చేతిలో జపమాల జారి చాప మీద పడింది. ఆయన కొరియా భాషలో చాలాసేపు ప్రార్థించాడు. మియో అనే కూతుర్ని ఇచ్చినందుకు స్తోత్రం, ఆమె కన్నీళ్లు విని కొడుకు కత్సుయాని రక్షించినందుకు స్తోత్రం, కత్సుయా ద్వారా అతని ఇంటివారినీ, రేవులో పనివాళ్లందరినీ, ఈ ఊరంతటినీ రక్షించబోతున్నందుకు స్తోత్రం. చెంపల మీద కన్నీళ్లు ధారలు కట్టాయి. ఆ గదిలో నిజంగా దేవుడితో మాట్లాడినవాడు ఆయనొక్కడే. మాట్లాడిందంతా జరగనిదాని గురించి.

తర్వాత నేను వంటింట్లో టీ కప్పులు సర్దుతుంటే కత్సుయా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మగారూ, ఆ పెద్దాయన మా అమ్మ కోసం అంత ఏడ్చారు. నా పేరు కూడా చాలాసార్లు వినబడింది. ఏమన్నారు?"

ఏదైనా చెప్పొచ్చు. మా ఆయన ఇందాక చేసినట్టే చెయ్యొచ్చు. కానీ మియోగారు, వాడికీ అర్థం కావాలి అంది.

"మీరు క్రైస్తవులయ్యారని దేవుడికి కృతజ్ఞత చెప్పారు," అన్నాను.

"నేనా?"

చిన్నగా నవ్వాడు. "అమ్మ చెప్పి ఉంటుంది. అమ్మకి ఆశ ఎక్కువ. పోనీలెండి, అలా చెప్పుకుని నలుగురిలో సంతోషపడిందంటే నేను కాదనను. ఆ పెద్దాయనకి ఏమీ చెప్పకండి."

పక్క గదిలో నోరు లేకుండా పడుకున్న మనిషి మీద పడిందా అబద్ధం. అది నేను భరించలేకపోయాను.

"మీ అమ్మ కాదు కత్సుయాగారూ. మీ అమ్మ ఎప్పుడూ అలా చెప్పలేదు. చెప్పింది మా ఆయన."

అతని నవ్వు అలాగే ఉండి, మెల్లగా పోయింది. బయట పూజారి కారు ఆగిన చప్పుడైంది. లోపల అందరూ లేచి బట్టలు సర్దుకుంటున్నారు. కత్సుయా నా ముందు నడుం దాకా వంగాడు. "ఇన్నేళ్లు అమ్మని చూసుకున్నారు. మీకు కూడా చాలా కష్టమై ఉంటుంది," అన్నాడు.

అరిచి ఉంటే, బయటికి నడవమని ఉంటే, మళ్లీ ఎప్పుడైనా వెళ్లి కాళ్లు పట్టుకునేవాళ్లం. ఈ ఊళ్లో ఇన్నేళ్లు బతికినదాన్ని కాబట్టి నాకు తెలుసు, ఆ మర్యాద తర్వాత ఇక మాటలుండవు.

కత్సుయాతో అన్న మాట నేను మా ఆయనకి చెప్పాను. ఆ సాయంత్రం అన్నం దగ్గర ఆయన బోంగ్‌గారికి అంతా చెప్పేశారు. కత్సుయా సంగతి, ట్రాక్టరు సంగతి, దిండులో మొహం పెట్టుకుని ఊరికే కూర్చోవడం, అన్నీ. బోంగ్‌గారు చెంచా కింద పెట్టేశాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"హేరాన్‌కి. కత్సుయాకి."

"గున్సాన్‌లో ఎవరికీ తెలియదు కదా?"

"తెలియదు."

ఆయన మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "పాస్టరుగారూ, ఆ అబ్బాయి సాక్ష్యం విని మా దగ్గర ఒక ముసలాయన తాగుడు మానేశాడు. ఒకావిడ తన కొడుకు కోసం ఉపవాసాలు ఉంటోంది. ఇప్పుడు పోయి వాళ్లకి ఏమని చెప్పమంటారు? మీరు బాగా అలిసిపోయారు. ఈ సంగతి ఇక్కడే వదిలెయ్యండి. దేవుడు దాన్ని నిజం చేస్తాడు, చూస్తూ ఉండండి."

"తిట్టండి పెద్దగారూ," అన్నారు మా ఆయన. "ఎవరో ఒకరు నన్ను తిట్టండి."

బోంగ్‌గారు నెత్తళ్ల వేపుడు తీసి ఆయన అన్నం మీద పెట్టాడు. "తినండి," అన్నాడు.

మా ఆయన మాత్రం వదల్లేదు. తర్వాత నెల తెర వెలగగానే, ఇంకా పలకరింపులు కాకముందే చెప్పేశారు. "కుదో కత్సుయా ప్రభువుని ఒప్పుకోలేదు. నేను మీకు అబద్ధం చెప్పాను. నేను ప్రార్థన చెయ్యలేకపోతున్నాను. నన్ను మిషనరీ అని పిలవకండి, నా కోసం..." అంతవరకే. అవతల పాట మొదలైంది. పాట మధ్యలో ఎవరో, "జపాన్‌లో మంచు తుఫానులా ఉంది, లైను సరిగ్గా అందడం లేదు. మన సేవకుల కోసం ప్రార్థిద్దాం," అన్నారు. తెర మీదకి కంబోడియా పిల్లలు వచ్చేశారు. మా కిటికీ బయట ఎండ కాస్తోంది. చూరు నుంచి మంచు కరిగి బొట్లుబొట్లుగా పడుతోంది.

ఆయన ఖాళీ కుర్చీలన్నిటి వైపూ తిరిగి, "విన్నారా?" అన్నారు.

తర్వాత గున్సాన్ నుంచి ఫోన్ చేశారు, చాలా మెత్తగా మాట్లాడారు. వచ్చెయ్యండి, అలిసిన మిషనరీల కోసం కొండల్లో మంచి ఇల్లుంది, విశ్రాంతి తీసుకోండి అన్నారు. నేను బట్టలు సర్దుకుందామన్నాను. నాకు మా ఊరి భాషలో ఎవరితోనైనా పోట్లాడాలని ఉంది.

"విశ్రాంతి తీసుకుంటే ప్రార్థన తిరిగొస్తుందా హేరాన్?"

"ఏమో. రావచ్చు."

"రాకపోతే? అక్కడ అందరూ చుట్టూ నిలబడి, వచ్చిందా వచ్చిందా అని చూస్తారు. ఇక్కడైతే చూసేవాళ్లు లేరు."

ఉండిపోయాం. సంఘం మిషనరీల జాబితాలోంచి మా పేరు తీసేసింది. మా ఆయన రేవు పక్కన చేపలు శుభ్రం చేసే షెడ్డులో చేరారు. కత్సుయా పనిచేసే వేలం షెడ్డు దాని ఎదురుగానే. రోజూ పొద్దున ఇద్దరూ ఎదురుపడి వంగి దణ్ణం పెట్టుకుంటారట. అంతకు మించి ఇంతవరకూ ఒక్క మాట లేదు. మియోగారి అస్థికలు భర్త పక్కన పెట్టారని మారిసెల్ చెబితే తెలిసింది. మమ్మల్ని పిలవలేదు. నేను ఒక్కదాన్నే తర్వాత వెళ్లి ఆ రాయి కడిగి వచ్చాను. ఆవిడ అడిగిన ప్రశ్నకి ఇంకా నా దగ్గర కూడా జవాబు లేదు.

లెక్కల మాష్టారు ఇంకో ఊళ్లో భాష నేర్పేవాళ్లని చూసుకున్నారు. ఆదివారాలు ఇప్పుడు నేనూ మారిసెలూ మాత్రమే. ఇద్దరికీ సొంతం కాని జపనీస్‌లో తడుముకుంటూ ఒక కీర్తన చదువుకుంటాం. నేను ప్రార్థన చేస్తాను, పొట్టిగా. మా ఆయన పైనే ఉంటారు. బోల్తా పడ్డ పడవ గురించి పడవవాణ్ణి అడగలేనట్టే, నేను ఆయన్ని ఏమీ అడగను.

మొన్న ఆదివారం మధ్యలో స్టవ్ ఆరిపోయింది. ఆయన కిరసనాయిలు డబ్బా పట్టుకుని దిగివచ్చారు. నూనె పోసి, వత్తి సరిచేసి, వెలిగించి, మాట్లాడకుండా మెట్ల వైపు నడుస్తుంటే మారిసెల్ పిలిచింది.

"సెన్సే, కాసేపు కూర్చోండి. ఇంకో పది వచనాలే."

"ఆ పేరుతో పిలవకమ్మా. చేతులన్నీ చేపల కంపు."

"చేపలు పట్టిన పేతురుగారి చేతులు మాత్రం అత్తరు వాసన వేసేవా?"

ఆయనకి నవ్వొచ్చింది. చాలాకాలానికి ఆయన నవ్వు విన్నాను. మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెళ్లాలో ఆగాలో తేల్చుకోలేనట్టు కాసేపు అలాగే నిలబడ్డారు. మారిసెల్ కుర్చీ ఒకటి లాగి ఉంచింది. ఆయన ఆ కుర్చీ కేసి చూసి, తల అడ్డంగా ఊపి, పైకి వెళ్లిపోయారు. పై గది తలుపు మూసుకుంది. మేము ఆగిన చోటు నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాం.